చేతిని నమ్మని పనిముట్టు

బొమ్మసంద్ర పారిశ్రామికవాడలో మా ఇన్‌స్పెక్షన్ టేబుల్ మీద ఒక చెక్కపెట్టె ఉంటుంది. మూత తెరిస్తే లోపల మెత్తటి గుంటలో మైక్రోమీటరు పడుకుని ఉంటుంది. అరచేతిలో ఇమిడే వస్తువు. 0 నుంచి 25 మిల్లీమీటర్ల దాకా కొలుస్తుంది. దాని తోక చివర గరుకుగా, గుండ్రంగా ఒక చిన్న పిడి ఉంది. ఆ పిడి పట్టుకుని తిప్పితే లోపలి కడ్డీ ముందుకు నడిచి జాబ్‌ను, అంటే కొలవాల్సిన ముక్కను, తాకుతుంది. తాకాక ఎంత తిప్పినా ఇంకా ముందుకు పోదు. టిక్, టిక్, టిక్ మంటూ పిడి ఒక్కటే వట్టిగా తిరుగుతుంది. దాన్ని రాట్చెట్ అంటారు. కొలిచేవాడి చెయ్యి మొరటుదైనా, వణికేదైనా, జాబ్ మీద పడే ఒత్తిడి మాత్రం ఎప్పుడూ ఒకేలా ఉండాలని చేసిన ఏర్పాటు అది. కొత్త పనిలో చేరి నా మీద నాకే నమ్మకం చాలని రోజుల్లో నన్ను నిలబెట్టింది ఈ పిడే. అందుకే ఈ పనిముట్టును మీ ముందు విప్పి చూపించాలనిపించింది.

నేను లెక్కల మాస్టర్ని. మదనపల్లెలో ఒక ప్రైవేటు బడిలో ఎనిమిదేళ్లు పాఠాలు చెప్పాను. 2020 మార్చిలో బడులు మూతపడ్డాయి. మొదట సగం జీతం అన్నారు, తర్వాత అదీ ఆగింది. అప్పట్లో ప్రైవేటు మాస్టర్ల పరిస్థితి రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ అదే. ప్రైవేటు బడుల సిబ్బందికి నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ఇస్తామని 2021 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం ముందుకు రావలసి వచ్చిందంటే ఎంతమంది బతుకు తలకిందులైందో ఊహించుకోవచ్చు. కూరగాయలు అమ్మినవాళ్లున్నారు, ఉపాధి హామీ పనికి పోయినవాళ్లున్నారు. నేను బస్సెక్కి బొమ్మసంద్ర వచ్చాను. మా బావమరిది ఇక్కడ ఒక వర్క్‌షాపులో సీఎన్‌సీ లేత్ నడుపుతాడు. "బావా, ఇన్‌స్పెక్షన్‌లో మనిషి కావాలంట. కొలిచేది వాళ్లే నేర్పిస్తారు, లెక్కలొస్తే చాలు" అన్నాడు. అప్పటికి నాకు ముప్పై మూడేళ్లు.

బొమ్మసంద్ర బెంగళూరు శివార్లలో, ఆనేకల్ తాలూకాలో హోసూరు రోడ్డు మీద ఉంది. అటు ఎలక్ట్రానిక్ సిటీ, ఇటు అత్తిబెలె, అది దాటితే తమిళనాడు. 2025 ఆగస్టు 10న మొదలైన మెట్రో పసుపు మార్గం ఆర్‌.వి. రోడ్డు నుంచి 19.15 కిలోమీటర్లు వచ్చి ఇక్కడ ముగుస్తుంది. నారాయణ హెల్త్ సిటీ ఉన్నది ఇక్కడే కాబట్టి తెలుగువాళ్లు చాలామందికి ఈ ఊరు గుండె ఆపరేషన్ల ఊరుగానే తెలుసు. లోపలి అడ్డరోడ్లలోకి వస్తే ఇంకో ఊరు కనబడుతుంది. షట్టర్లు సగం ఎత్తిన షెడ్లు, కూలెంట్ వాసన, ఇనుప తరుగు నింపిన డ్రమ్ములు. 1953లో యంత్రపరికరాల కంపెనీ హెచ్‌ఎంటీ మొదలైనప్పటి నుంచీ బెంగళూరు లోహాన్ని కోసే ఊరు. షెడ్డులో కన్నడం, తెలుగు, తమిళం, హిందీ అన్నీ వినబడతాయి. కుప్పం, పలమనేరు, మదనపల్లె, హిందూపురం కుర్రాళ్లు లేని షెడ్డు నేనైతే చూడలేదు.

ఇక పనిముట్టు దగ్గరికి వద్దాం.

గుర్రపు నాడాలా వంగిన ఉక్కు చట్రం ఒకటి ఉంటుంది. అది ఫ్రేమ్. దాని ఎడమ కొసన కదలకుండా బిగించిన చిన్న స్తంభం ఆన్విల్. ఆన్విల్ అంటే కమ్మరి దాగలి, దెబ్బకు చలించనిది. దానికి ఎదురుగా కుడి కొస నుంచి నడిచి వచ్చే సన్నటి కడ్డీ స్పిండిల్. రోజుకు వందల జాబ్‌లు తాకినా అరగకుండా ఈ రెండిటి ముఖాలకూ కార్బైడ్ బిళ్లలు అతికి ఉంటాయి. ఆ ముఖాలు ఎంత చదునుగా ఉన్నాయో ఏ స్కేలుతోనూ తేలదు. ఆప్టికల్ ఫ్లాట్ అనే గాజుబిళ్లను ఆనించి, వెలుగులో ఏర్పడే చారలు ఎన్నో, ఎంత నిటారుగా ఉన్నాయో చూసి చెబుతారు. స్పిండిల్ వెనక భాగాన్ని చుట్టి కదలని గొట్టం ఉంటుంది, అది స్లీవ్. దాని మీద పొడుగునా ఒక గీత. గీతకు పైన మిల్లీమీటర్ల గుర్తులు, కింద అర మిల్లీమీటర్ల గుర్తులు. స్లీవ్ మీదుగా తిరిగే తొడుగు థింబిల్. దర్జీ వేలికి పెట్టుకునే తొడుగు పేరే దీనికీ పెట్టారు. దాని అంచు చుట్టూ 50 గీతలు. స్పిండిల్‌ను ఉన్నచోట ఆపడానికి ఒక చిన్న లాక్. చిట్టచివర రాట్చెట్. ఫ్రేమ్‌కు రెండు వైపులా ప్లాస్టిక్ పలకలు కనబడతాయి. అవి అందానికని మొదట్లో అనుకున్నాను. చేతి వేడి ఉక్కుకు ఎక్కకుండా అడ్డు పెట్టినవట.

అసలు పని చేసేది బయటికి కనబడని మర. స్పిండిల్ వెనక భాగంలో ఉన్న ఆ మర ఒక చుట్టు తిరిగితే కడ్డీ సరిగ్గా అర మిల్లీమీటరు జరుగుతుంది. ఉక్కును గట్టిపరిచాక, గ్రైండింగ్ చేసి ఆ మర పల్లును కొలతకు తెస్తారు. అది ఇరుక్కుని తిరిగే నట్టులో మాత్రం నాకు మరీ ముచ్చట కలిగించే తెలివి ఉంది. ఏళ్ల తరబడి తిరిగితే ఏ మరైనా అరుగుతుంది, వదులవుతుంది. అందుకని ఆ నట్టు చివర నిలువునా చీలికలు పెట్టారు. పైభాగాన ఏటవాలుగా ఇంకో మర కోసి దాని మీద ఒక సర్దుబాటు నట్టు ఎక్కించారు. వదులు తెలిసిన రోజున థింబిల్ వెనక్కి లాగి ఆ పైనట్టును ఒక్క పిసరు బిగిస్తే, చీలికలు దగ్గరకొచ్చి లోపలి మరను మళ్లీ బిగువుగా పట్టుకుంటాయి. చేసినవాడు తన వస్తువు అరుగుతుందని ముందే ఒప్పుకున్నాడు, ఒప్పుకుని దానికి విరుగుడు లోపలే అమర్చాడు.

ఇప్పుడు లెక్క. మర ఒక చుట్టుకు అర మిల్లీమీటరు. థింబిల్ చుట్టూ 50 గీతలు. కాబట్టి ఒక గీత జరిగితే కడ్డీ కదిలేది 0.01 మిల్లీమీటరు, షెడ్డు భాషలో పది మైక్రాన్లు. తలవెంట్రుక మందంలో అది ఐదో వంతో, పదో వంతో. ఆ కదలికను కంటితో చూడడం ఎవరి తరమూ కాదు. థింబిల్ అడ్డకొలత సుమారు 18 మిల్లీమీటర్లు ఉంటుంది, చుట్టుకొలత 56 దాకా వస్తుంది. దాన్ని 50తో భాగిస్తే గీతకూ గీతకూ మధ్య ఒక మిల్లీమీటరుకు కాస్త పైనే. కనబడని పది మైక్రాన్లు కనబడే మిల్లీమీటరైంది. వంద రెట్ల పైచిలుకు పెంపు. అద్దం లేదు, బ్యాటరీ లేదు. మెలి తిరిగిన గీతను నిదానంగా తిప్పడంలోనే ఉందంతా. ఎనిమిదేళ్లు నిష్పత్తి, అనుపాతం చెప్పినవాణ్ణి, ఈ లెక్కను వేళ్ల మధ్య పట్టుకున్నది మాత్రం ఇక్కడే.

ఈ రూపానికి దగ్గరైన మైక్రోమీటరుకు పారిస్‌లో ఝాన్ లోరాన్ పామర్ అనే మెకానిక్ 1848లో పేటెంటు పొందాడు. 1867 పారిస్ ప్రదర్శనలో దాన్ని చూసిన అమెరికన్లు బ్రౌన్, షార్ప్ తమ దేశంలో తయారీకి దిగారు. ఇంకో మంచి గుణం దీనికి ఉంది, దాన్ని 1890లో ఎర్న్‌స్ట్ ఆబే అనే జర్మన్ శాస్త్రవేత్త సూత్రంగా చెప్పాడు. కొలిచే స్కేలు, కొలతకు వచ్చిన వస్తువు ఒకే వరుసలో ఉండాలి, పక్కపక్కన ఉంటే చిన్న వంపు కూడా తప్పుగా పెరుగుతుంది అన్నాడు. వెర్నియర్ కాలిపర్‌లో దవడలు ఒకచోట, స్కేలు పైన ఇంకోచోట ఉంటాయి. మైక్రోమీటరులో ఆన్విల్, జాబ్, స్పిండిల్, మర అన్నీ ఒకే గీత మీద నిలబడతాయి. చూడ్డానికి పాతకాలం వస్తువులా ఉన్నా షెడ్డులో కాలిపర్ కంటే దీని మాటకే విలువ ఎక్కువ. కారణం అదే.

ఇంత తెలిసీ నేను తప్పు చేశాను. నాలుగో రోజు.

లేత్ నుంచి వచ్చిన చిన్న షాఫ్టులు. డ్రాయింగ్‌లో 18 మిల్లీమీటర్లు, 0.10 దాకా తక్కువ ఉండొచ్చు, ఎక్కువ ఉండకూడదు. అంటే 17.90కీ 18.00కీ మధ్య వస్తే పాస్. నేను కొలిచినది 17.48. రెండోది 17.47. మూడోది 17.48. మధ్యాహ్నం టీ వేళకు నలభై షాఫ్టులు ఎర్ర ట్రేలో వేసి, రిజెక్షన్ అని చీటీ రాసి పెట్టాను. నా పక్కన పనిచేసే కుర్రాడిది కుప్పం. ఇరవై నాలుగేళ్లు, డిప్లొమా. ఇక్కడ నాకు గురువు అతనే. ట్రేలోంచి ఒకటి తీసి, బొటనవేలితో తుడిచి, కొలిచి, నాకు చూపించాడు.

"అన్నా, కింది గీత చూడలేదా?"

స్లీవ్ మీద 17 గీత కనబడుతోంది. దాని తర్వాత, కింది వైపున, అర మిల్లీమీటరు గీత కూడా బయటికి వచ్చి ఉంది. థింబిల్ మీద 48. కాబట్టి 17, దానికి 0.50, దానికి 0.48. మొత్తం 17.98. నలభైకి నలభై మంచి జాబ్‌లు.

తప్పు ఎక్కడ జరిగిందో తర్వాత తెలిసింది. ఇంటర్ ఎంపీసీ చదివిన ప్రతివాళ్లూ ఫిజిక్స్ ల్యాబులో స్క్రూ గేజీతో తీగ మందం కొలిచే ఉంటారు. కనీసపు కొలత, శూన్యాంశ దోషం, తల స్కేలు అని రికార్డు రాసినవాళ్లమే అందరం. మా కాలేజీలో ఉన్న గేజీకి మర చుట్టు ఒక మిల్లీమీటరు, తల స్కేలు మీద 100 గీతలు. దానికి అరగీతతో పని లేదు. నా కన్ను ఆ అలవాటులోనే ఉండిపోయింది. షాపు మైక్రోమీటరుకు చుట్టు అర మిల్లీమీటరు, గీతలు 50. అరగీతను వదిలేస్తే అర మిల్లీమీటరు తప్పు వస్తుంది, అంతకంటే తక్కువ తప్పు చేసే వీలే లేదు. ఈ పనిలో కొత్తగా చేరినవాళ్లు మొదట పడే గుంట ఇదేనని కుప్పం తమ్ముడు చెప్పాడు. రెండో గుంట కూడా ఉంది. 17.98 దగ్గర థింబిల్ అంచు 18 గీతను ఇంచుమించు తాకుతూ ఉంటుంది. గీత బయటపడిందనుకుని 18.48 అని చదివేవాళ్లూ ఉంటారు.

అవన్నీ విన్నా ఆ రాత్రి నిద్ర పట్టలేదు. చందాపురలో అద్దె గది, పైన రేకులు. దశాంశాలు చెప్పి పొట్టపోసుకున్నవాడు దశాంశం చదవలేకపోయాడు అన్న మాట ఒక్కటే తిరుగుతోంది. ఈ పనికి నేను తగనని, లెక్కలొచ్చన్న మాట చెప్పి దూరిపోయానని, ఇవాళో రేపో అందరికీ తెలిసిపోతుందని. ఇలాంటి భయానికి 1978లోనే ఇద్దరు అమెరికన్ మనస్తత్వవేత్తలు పాలిన్ క్లాన్స్, సుజాన్ ఐమ్స్ ఒక పేరు పెట్టారు. పెద్ద చదువులు చదివి పైకొచ్చిన ఆడవాళ్లలో, తాము మోసంతో నెగ్గుకొస్తున్నామన్న లోపలి భయాన్ని గమనించి దాన్ని ఇంపోస్టర్ ఫినామినన్ అన్నారు. పేరు తెలిసినంత మాత్రాన నా భయం తగ్గలేదు. తగ్గించింది మర్నాటి నుంచి నేర్చుకున్న నాలుగు పనులు.

మొదటిది తుడవడం. ఆన్విల్, స్పిండిల్ ముఖాల మధ్య ఒక శుభ్రమైన కాగితం పెట్టి, రాట్చెట్‌తో మెల్లగా మూసి, కాగితాన్ని బయటికి లాగాలి. నూనె పొర, కంటికి కనబడని ఇనుప రజను కాగితానికి అంటుకుని వచ్చేస్తాయి. జాబ్‌ను కూడా తుడవాలి, అంచున బర్, అంటే కోతలో మిగిలిన ముల్లు, ఉంటే తీసెయ్యాలి. నలుసంత బర్ చాలు కొలతను చెడగొట్టడానికి.

రెండోది సున్నా చూడడం. వట్టిగా మూసినప్పుడు థింబిల్ మీది సున్నా, స్లీవ్ మీది గీతతో కలవాలి. కలవకపోతే ఆ తేడాను కాగితం మీద రాసుకోవాలి. సున్నా దగ్గర 0.02 ఎక్కువ చూపిస్తే ప్రతి కొలతలోంచీ 0.02 తీసెయ్యాలి. లేదా పెట్టెలోనే ఉండే చిన్న వంకీ స్పానర్‌తో స్లీవ్‌ను పిసరంత తిప్పి సరిచెయ్యాలి. ఈ చిన్న అలవాటు నన్ను పూర్తిగా మార్చింది. రోజూ పొద్దున్నే మొట్టమొదట చేసే పని, ఇవాళ నా పనిముట్టు ఎంత తప్పు చెబుతోందో కనుక్కోవడం. తప్పు ఉంటే సిగ్గుపడరు, దాచరు, పారెయ్యరు. ఎంతో తెలుసుకుని లెక్కలో సర్దుతారు.

మూడోది రాట్చెట్. కొత్తవాళ్లు థింబిల్‌ను సీసా మూత బిగించినట్టు బిగిస్తారు. నేనూ అంతే. అర మిల్లీమీటరు చుట్టు ఉన్న మర, కదలికను వంద రెట్లు పెంచి చూపించినట్టే, ఎదురు దిశలో వేళ్ల బలాన్నీ పెంచుతుంది. రాపిడి చాలా భాగం తినేసినా మిగిలేది ఫ్రేమ్‌ను పిసరంత తెరవడానికి సరిపోతుంది. జాబ్ పలచటిదైతే అదీ నొక్కుకుపోతుంది. అప్పుడు కొలత తక్కువ వస్తుంది. అందుకని తోక చివరి పిడి లోపల పళ్లచక్రం పెట్టి, దాని వెనక ఒక స్ప్రింగు పెట్టారు. ఒత్తిడి సుమారు అర కిలో నుంచి కిలో బరువు దాకా వచ్చిందో లేదో పళ్లు ఒకదాని మీదుగా ఒకటి జారిపోతాయి. టిక్కుమన్న ఆ చప్పుడు పన్ను జారిన చప్పుడే. "మూడు టిక్కులు విను, చదువు. నీ బలంతో దానికి పని లేదు అన్నా" అన్నాడు తమ్ముడు. నా చెయ్యి వణుకుతుందన్నది అప్పటిదాకా నా బాధ. చెయ్యి ఎవరిదైనా వణుకుతుందని, ఆ సంగతి ముందే తెలిసినవాడొకడు స్ప్రింగు కట్టి పెట్టాడని తెలిశాక, సగం బరువు దిగింది.

నాలుగోది నేను మాస్టరుగా పిల్లలకు చెప్పి ఉండాల్సింది, చెప్పలేదు. కొలవగానే రాయాలి, రాశాకే అడగాలి. ఆ నలభై షాఫ్టుల తర్వాత నేను ఏ జాబ్ కొలిచినా తమ్ముడి మొహం చూసి, "కరెక్టేనా?" అని అడిగి, అప్పుడు రాసేవాణ్ణి. అతను ఒప్పుకోలేదు. "నీ కొలత నువ్వు రాయి. నేను వేరే కాగితం మీద రాస్తా. తర్వాత చూద్దాం" అనేవాడు. రోజుకు ఇరవై జాబ్‌లు అలా. సాయంత్రం రెండు కాగితాలు పక్కపక్కన పెట్టుకునేవాళ్లం. మొదటి రోజు పదకొండు కలిశాయి. వారం చివరికి పద్దెనిమిది. ఆ రెండు కాగితాలూ ఇప్పటికీ నా దగ్గర ఉన్నాయి. ఆల్బర్ట్ బండూరా 1977లో రాసిన ఒక వ్యాసంలో, మనిషికి తన శక్తి మీద నమ్మకం ఏయే దారుల్లో వస్తుందో నాలుగు చెప్పాడు. తోటివాళ్లను చూసి, పెద్దలు చెప్పగా, ఒంటి తీరు బట్టి, తన చేత్తో పని నెరవేరి. వీటిలో చివరిదే అన్నిటికంటే గట్టిదన్నాడు. తమ్ముడు బండూరాను చదవలేదు. నన్ను ఒక్కసారి కూడా "నువ్వు చెయ్యగలవు అన్నా" అని ఊరడించలేదు. కాగితం ఇచ్చాడు.

నాకంటే తొమ్మిదేళ్లు చిన్నవాడి దగ్గర పని నేర్చుకోవడం మొదట్లో గొంతులో అడ్డం పడేది. అతను మాత్రం మొదటి రోజు నుంచీ అన్నా అనే పిలిచాడు, తప్పును తప్పనే చెప్పాడు. రెండూ ఒకే గొంతుతో చెప్పగలగడం ఒక నేర్పు. ఎనిమిదేళ్ల మాస్టరుగిరీలో నాకు అది పూర్తిగా పట్టుబడలేదు.

లేత్ మీద కొత్త బ్యాచ్ మొదలైనప్పుడు మొదటి పీస్ ఇన్‌స్పెక్షన్ టేబుల్ మీదికి వస్తుంది. అది పాసయ్యేదాకా మిషను ఆగి ఉంటుంది. ఆపరేటరు పక్కనే నిలబడి ఉంటాడు, నిమిషాలు పోతుంటాయి. కొత్తవాడికి ఇంతకంటే కష్టమైన ఘడియ లేదు. ఒకసారి అల్యూమినియం జాబ్ ఒకటి, 100 మిల్లీమీటర్ల పొడుగుది, కోత వేడి మీదే వచ్చింది. తొందరలో కొలవబోతుంటే మేస్త్రీ నా చెయ్యి పట్టుకుని ఆపాడు. హోసూరు పెద్దాయన, ముప్పై ఏళ్లు లేత్ మీద బతికినవాడు. "సల్లారనీ సామీ" అన్నాడు. అల్యూమినియం పది డిగ్రీలు వేడెక్కితే వంద మిల్లీమీటర్ల ముక్క 0.023 పెరుగుతుంది. వేడి మీద సరిగ్గా ఉన్నది చల్లారాక తక్కువవుతుంది. ప్రపంచమంతా పొడుగు కొలతలకు 20 డిగ్రీల సెల్సియస్‌ను 1931 నుంచీ ప్రమాణంగా పెట్టుకున్నది ఇందుకే. జాబ్‌ను గ్రానైట్ బల్ల మీద పెట్టి, పావుగంట ఆగి కొలిచాను. ఆపరేటరు ఆ పావుగంటా ఏమీ అనలేదు. ఆగడం కూడా పనిలో భాగమేనని అందరికీ తెలిసిన చోట, ఆగినందుకు ఎవరూ నిలదీయరు.

ఆరు నెలలకు నన్ను ఒక పరీక్షలో కూర్చోబెట్టారు. పరీక్ష నాకొక్కడికే కాదు. వాహనాల విడిభాగాలు చేసే షాపుల్లో గేజ్ ఆర్ అండ్ ఆర్ అని ఒక పద్ధతి ఉంది. పది జాబ్‌లు, ముగ్గురు మనుషులు, ఒక్కొక్కరు ఒక్కో జాబ్‌ను మూడుసార్లు. మొత్తం 90 కొలతలు. జాబ్ నంబరు కొలిచేవాడికి కనబడకుండా అడుగున రాస్తారు. ప్రతి చుట్టుకూ వరస కలిపేస్తారు. ఒకే మనిషి ఒకే జాబ్‌ను మళ్లీ కొలిస్తే ఎంత తేడా వస్తోంది, మనిషికీ మనిషికీ ఎంత తేడా వస్తోంది అన్నవి విడివిడిగా తేలతాయి. ఈ రెండూ కలిసి మొత్తం తేడాలో పది శాతం లోపుంటే మంచిది, ముప్పై దాటితే ఆ కొలతను నమ్మడానికి లేదు. ఇందులో నాకు నచ్చినది దాని ఉద్దేశం. కొత్తవాడిని అనుమానించడానికి పెట్టినది కాదిది. మనిషి, పనిముట్టు, పద్ధతి మూడిటినీ ఒకే తక్కెడలో వేసి అనుమానిస్తుంది. ముప్పై ఏళ్ల మేస్త్రీ, డిప్లొమా తమ్ముడు, లెక్కల మాస్టరు. ముగ్గురికీ అవే పది షాఫ్టులు.

నా కొలతల్లో చెదురు ఎక్కువే ఉంది. ఒకే షాఫ్టు ఒకసారి 17.96, ఇంకోసారి 17.97. అది నేను అనుకున్నదే. అనుకోనిది వేరే బయటపడింది. మేస్త్రీ కొలతల్లో చెదురు దాదాపు లేదు, కానీ మా ఇద్దరి కంటే ఆయనవి ప్రతిసారీ ఒక గీత తక్కువ. ఎందుకో చూస్తే, ఆయన రాట్చెట్ వాడడు. చిన్నప్పటి నుంచీ థింబిల్‌నే పట్టుకుని, వేళ్లకు తగిలే ఫీల్‌తో ఆపుతాడు. ఆయన ఫీల్ ఎప్పుడూ ఒకేలా ఉంటుంది, మూడు టిక్కుల కంటే కాస్త బిగువుగా. పెద్దాయన కాగితం తెప్పించుకుని వరసలన్నీ వేలితో చూసుకున్నాడు. "సరే, రికార్డుకు రాసేదైతే ఈ పొద్దు నుంచి పిడితోనే" అన్నాడు. అంతే. నాకైతే ఆ మాట ముందు నిలబడి నమస్కరించాలనిపించింది. ముప్పై ఏళ్ల చేతివాటాన్ని ఒక కాగితం చూసి పక్కన పెట్టడం చిన్న సంగతి కాదు. రెండు వారాల తర్వాత మళ్లీ చేసిన పరీక్షలో ముగ్గురి వరసలూ దగ్గరకొచ్చాయి.

ఆ రోజుల్లోనే నాకు ఇంకో సందేహం వచ్చింది. నా కొలతను మైక్రోమీటరు సరిచేస్తుంది, మరి మైక్రోమీటరును ఎవరు సరిచేస్తారు? పెట్టె మూత లోపల చిన్న స్టిక్కరు ఉంటుంది. క్యాలిబ్రేషన్ చేసిన తేదీ, మళ్లీ చెయ్యాల్సిన తేదీ. ఏడాదికోసారి దీన్ని గుర్తింపు పొందిన ల్యాబుకు పంపుతారు. అక్కడ గేజ్ బ్లాకులు ఉంటాయి. గట్టిపరిచి, అద్దంలా తీర్చిన చిన్న ఉక్కు పలకలు. స్వీడన్‌లో రైఫిల్ ఫ్యాక్టరీలో పనిచేసిన కార్ల్ ఎడ్వర్డ్ యోహాన్సన్‌కు 1896లో వచ్చిన ఆలోచన అది. రెండు బ్లాకుల ముఖాలను తుడిచి, ఒకదాని మీద ఒకటి ఆనించి రుద్దుతూ తిప్పితే జిగురు లేకుండానే అతుక్కుపోతాయి. అలా కావలసిన కొలతకు పేర్చుకోవచ్చు. ఆ బ్లాకులను అంతకంటే మెరుగైన ల్యాబు పరీక్షిస్తుంది. అలా పైకి పోతే మన దేశంలో ఆ గొలుసు చివరికొస న్యూఢిల్లీలోని నేషనల్ ఫిజికల్ లేబొరేటరీ. అక్కడ మీటరును లేజర్ వెలుగుతో నిలబెడతారు. 1983 నుంచీ మీటరంటే శూన్యంలో వెలుగు ఒక సెకనులో 29,97,92,458వ వంతు కాలంలో నడిచే దూరం.

ఈ గొలుసులో నాకు అన్నిటికంటే గొప్పగా తోచిన సంగతి ఒకటుంది. ఏ మెట్టులోనూ ఎవరూ "ఇది కచ్చితం" అని రాయరు. సర్టిఫికెట్టులో కొలత పక్కన ప్లస్ ఆర్ మైనస్ అని ఒక చిన్న అంకె ఉంటుంది. దాన్ని అనిశ్చితి అంటారు. మా షెడ్డు మైక్రోమీటరుకు ఉంది. గేజ్ బ్లాకుకు ఉంది, ఇంకా చిన్నది. ఢిల్లీ లేజరుకూ ఉంది, ఇంకా ఇంకా చిన్నది. కొలతల అనిశ్చితిని ఎలా లెక్కగట్టాలో చెప్పే అంతర్జాతీయ మార్గదర్శిని 1993లో వచ్చింది. ఆ మాటకు అర్థం సందేహమేనని అందులో తేటగా రాసి ఉంది. అంకె వేసిన సందేహం. ఎంతో తెలిసిన సందేహం. చందాపుర గదిలో నాకు నిద్ర లేకుండా చేసిన సందేహానికి అంకె లేదు, అందుకే అది గదంతా నిండింది. ఇరవైలో పదకొండు కలిశాయని తేలిన రోజున దానికి ఒక అంకె వచ్చింది. తొమ్మిది తప్పాయి. తొమ్మిదింటితో ఏం చెయ్యాలో ఆలోచించవచ్చు. నాలుగు అరగీత దగ్గర పోయాయి, మూడు బర్ వల్ల, రెండు సరిగ్గా తుడవక. అరగీత మీద దృష్టి పెట్టిన వారం ఆ నాలుగు తప్పులూ పోయాయి.

ఇప్పుడు నాకు ఈ పనిలో ఐదో ఏడు నడుస్తోంది. సందేహం పోయిందని చెబితే అబద్ధమవుతుంది. కొత్త డ్రాయింగ్ వస్తే ఇప్పటికీ కడుపులో చిన్న కదలిక. అప్పుడు కాగితం తీస్తాను, ముఖాలు తుడుస్తాను, సున్నా చూస్తాను. పోయిన నెల మూడు సీఎన్‌సీల మొదటి పీస్‌లు నా సంతకం మీదే నడిచాయి. కుప్పం తమ్ముడు ఇప్పుడు హోసూరులో ఇంకో కంపెనీలో సీఎంఎం అనే కొలతల యంత్రం నడుపుతున్నాడు, వీలున్నప్పుడు ఫోన్ చేస్తాడు. మేస్త్రీ రిటైరయ్యే ముందు తన సొంత మైక్రోమీటరు నాకు ఇచ్చి పోయాడు. ఎన్నో ఏళ్ల కిందట కొన్నది. స్లీవ్ మీద గీతలు కాస్త మాసిపోయాయి, రాట్చెట్ మాత్రం కొత్తదానిలాగే ఉంది. దాన్ని విప్పి, లోపలి సర్దుబాటు నట్టు ఒక్క పిసరు బిగించి, ల్యాబుకు పంపాను. సర్టిఫికెట్టు వచ్చింది. 25 మిల్లీమీటర్ల దగ్గర 0.002 తక్కువ చూపిస్తోంది. ఆ అంకెను చిన్న కాగితం మీద రాసి మూత లోపల అతికించాను.